జగ్గమ్మ ఇంటి సాలు

శ్రీకాకుళం రైతుబజారులో జగ్గమ్మ వంకాయల కుప్ప మీద ఈగ వాలితే కాలు జారి పడుతుందని పక్క కొట్లవాళ్ళు నవ్వులాటకి అంటుండేవారు. అంత నున్నటి కాయలు. ఒక పుచ్చుండదు, ఒక మచ్చుండదు. పొద్దున్న ఆరింటికి గోనె పరిచి కుప్ప పోస్తే తొమ్మిదిన్నరకల్లా గోనె దులుపుకుని లేచిపోయేది. తక్కినవాళ్ళు మధ్యాహ్నం దాకా కాయల మీద నీళ్ళు చల్లుకుంటూ, వచ్చేపోయేవాళ్ళని "అమ్మా, బాబూ" అని పిలుచుకుంటూ కూర్చోవలసిందే. జగ్గమ్మ ఎవర్నీ పిలిచేది కాదు. పైపెచ్చు ఎవరైనా కాయ గిల్లి చూస్తే, "గిల్లకమ్మా, అదేటి నీ మొగుడి బుగ్గేటి?" అని కసిరేది. కసిరించుకున్నవాళ్ళు నవ్వుకుని ఇంకో అరకిలో వేయించుకునేవారు.

మనిషికి యాభై ఎనిమిదేళ్ళు. పాలకొండ దగ్గర పల్లెలో పుట్టి, పదహారో ఏట దాలయ్యని కట్టుకుని నాగావళి అవతలి గట్టు ఊరికి వచ్చింది. దాలయ్యకి ఉన్నది ఎకరం చిల్లర మెట్ట. అందులో వంగ, బెండ, ఆనప, బీర వేస్తారు. నాటేది, కలుపు తీసేది, కోసేది, అమ్మేది ఆమె. వీపుకి డబ్బా తగిలించుకుని మందు కొట్టేది ఆయన. మొదట్లో జగ్గమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని వంతెన దాటి టౌనులో వీధి వీధీ తిరిగి అమ్మేది. మోకాళ్ళు మొరాయించాక ఆటోలో రైతుబజారుకి మారింది. పాత గిరాకీల్లో ఒకరిద్దరికి మాత్రం ఇప్పటికీ ఇంటికే పట్టుకెళ్ళి ఇస్తుంది.

కాయ అంత నున్నగా ఉండడం దాలయ్య చలవే. ఆ పక్క వంగతోటల్ని కాయ తొలిచే పురుగు ఒకటి పట్టి పీడిస్తుంది. మొవ్వలో దూరుతుంది, కాయలో దూరుతుంది, ఎక్కడికక్కడ చిల్లులు పెట్టిపోతుంది. రేపు కోతనగా ఈరోజు సాయంత్రం మందు కొట్టేస్తే పురుగు బెడద లేకుండా కాయ నిగనిగలాడుతూ చేతికొస్తుందని ఆ ఊళ్ళో అందరి నమ్మకం. కొట్టాక ఇన్ని రోజుల దాకా కోయకూడదని మందు డబ్బా మీద రాసే ఉంటుంది. ఆ రాత చీమ తలకాయంత. అది చదవడానికి దాలయ్యకి కళ్ళజోడు లేదు, చదవాలన్న సరదా అసలే లేదు.

అయితే ఆ తోటలోనే తూర్పు గట్టు పక్కన ఒక సాలుంది. ఒకే ఒక్క వరస. అందులో అన్ని రకాలూ నాలుగేసి మొక్కలు, కాస్త తోటకూర. సాలు మొదట్లో వెదురు కర్ర పాతి, దానికి పాత తెల్లచీర పేలిక కట్టి ఉంటుంది. డబ్బాతో మందు కొట్టుకుంటూ వచ్చే దాలయ్య ఆ పేలిక కనిపించగానే గొట్టం కట్టేసి వెనక్కి తిరుగుతాడు. దాన్ని ఇంటి సాలంటారు. ఇంట్లో పొయ్యి ఎక్కే కూర ఆ సాలుదే. అన్నీ వంకర కాయలు, పురుగు తిన్నంత తినగా మిగిలిన కాయలు. జగ్గమ్మ పుచ్చు మేరకి కోసి పారేసి తక్కింది వండేది.

ఒక్క జగ్గమ్మ తోటలోనే కాదు, ఆ గట్టున ఎవరి తోటకి వెళ్ళినా ఇలాంటి సాలొకటి, దానికో పేలికా కనిపిస్తాయి. కొత్త కోడలు కాపరానికొస్తే అత్త మొదట నుయ్యి చూపిస్తుంది, తరవాత ఇంటి సాలు చూపిస్తుంది. ఇందులో తప్పుందని ఎవరికీ తోచలేదు. దాచి పెట్టాల్సిన సంగతని కూడా అనుకోలేదు. కొనేవాళ్ళు ఎవరూ "మీరింట్లో ఏ కాయ తింటారు?" అని అడగలేదు, వీళ్ళు చెప్పలేదు, అంతే.

జగ్గమ్మ ఇంటికి పట్టుకెళ్ళి ఇచ్చే గిరాకీల్లో మొదటావిడ బాలసరస్వతిగారు. ఆడపిల్లల బడిలో సంగీతం టీచరుగా చేసి రిటైరయ్యారు. డెబ్భై దాటాయి. భర్త పోయారు, పిల్లల్లేరు. ఇప్పటికీ సాయంత్రాలు నలుగురు పిల్లలకి వరండాలో వయొలిన్ నేర్పుతారు. తట్ట మోసే రోజుల్లో జగ్గమ్మ ఆ ఇంటి మెట్టు మీద కూలబడి, మంచినీళ్ళు తాగి, పాఠం అయ్యేదాకా కదిలేది కాదు. ఇరవై రెండేళ్ళు అలా విన్నాక చెవి తయారైంది. "అమ్మా, ఆ పచ్చగౌను పిల్ల తప్పు వాయించింది సూడండి" అని తట్ట పక్కనుంచి అనేది. పిల్లలు కిసుక్కుమనేవారు. నిజంగానే తప్పు వాయించి ఉండేది ఆ పిల్ల. "నీకున్న చెవి వీళ్ళలో సగం మందికి లేదే" అని బాలసరస్వతిగారు మురిసిపోయేవారు.

ఆవిడకి ఒకటే చాదస్తం, కాయ ఏరడం. ఒక్కో వంకాయనీ వెలుగులోకి ఎత్తి, తొడిమ దగ్గర, అడుగున, చుట్టూ తిప్పి చూసేవారు. తంబూరా శ్రుతి చేసుకున్నంత సేపు పట్టేది. సూది మొనంత చిల్లు కనిపించినా తీసి పక్కన పెట్టేసేవారు. అందుకే జగ్గమ్మ ఆవిడకి ఇంటి దగ్గరే ఏరి, కుప్పలో కల్లా నున్నటివి తెచ్చేది. అలా తేవడం ఆవిడ మీద తనకున్న ప్రేమ అని అనుకునేది. నిజమే, ప్రేమే.

కిందటేడు ఎండాకాలంలో బాలసరస్వతిగారికి కడుపులో పుండనుకున్నది కేన్సరని తేలింది. విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి పొట్ట సగానికి పైగా తీసేశారు. నెలా పదిహేను రోజులకి ఇంటికి వచ్చాక, ఆవిడ మేనకోడలు చరిత సెలవు పెట్టి వచ్చి దగ్గరుంది. జగ్గమ్మ లేత ఆనపకాయ, నున్నటి వంకాయలు పట్టుకుని చూడబోయింది. మంచం మీద మనిషిని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ముంజేతికి గాజులు ఆగడం లేదు.

"కూరలు తెచ్చావా? వద్దే జగ్గమ్మా" అన్నారావిడ నెమ్మదిగా. "లోకంలో కూరలన్నిటికీ మందులేనట. అవి తినే నాకీ రోగం వచ్చిందని వీధిలో అందరూ అంటున్నారు. అందుకని మానేశాను. పెరుగన్నంలో మాగాయ ముక్క, లేకపోతే ఊరమిరపకాయ. వాటిలో మందులుండవు కదా."

చరిత తల పట్టుకుంది. "చూశావా? డాక్టరుగారు కూరలు మెత్తగా ఉడికించి కొంచెం కొంచెంగా రోజుకి ఆరుసార్లు పెట్టమన్నారు. ఊరగాయలూ ఉప్పులో నానబెట్టినవీ పూర్తిగా మానమన్నారు. మా అత్త సరిగ్గా తిప్పి చేస్తోంది. నాలుగు కిలోలు తగ్గిపోయింది. ఇంకా తగ్గితే కేన్సరుకి ఎక్కించే మందులు తట్టుకోలేదు, ఆపేయాల్సి వస్తుందన్నారు."

"తినండమ్మా, నా మాటినండి" అంది జగ్గమ్మ. "తినకపోతే ఏటయిపోతారు?"

బాలసరస్వతిగారు దిండు మీద తల ఎత్తారు. "సరే, ఒక పని చెయ్యి. ఇన్నేళ్ళూ నిన్ను నమ్మి తిన్నాను. మీ ఇంట్లో నువ్వేది వండుకుంటావో అది తెచ్చిపెట్టు. నీ కడుపున పడేదే నాకూ పెట్టు. అదైతే తింటాను."

ఆవిడ అన్నది మంచి మనసుతోనే. జగ్గమ్మకి మాత్రం తూర్పు గట్టు పేలిక కళ్ళ ముందు కదిలింది. అలాగేనని తల ఊపి, తెచ్చిన కాయలు తెచ్చినట్టే తట్టలో పెట్టుకుని బయటపడింది. ఆ పూట వంతెన మీదకి ఆటో ఎక్కిందో లేదో కూడా ఆమెకి తెలియలేదు.

ఇంటికెళ్ళి దాలయ్యతో చెప్పింది. అతను పశువుల కొట్టం దగ్గర తాడు పేనుకుంటున్నాడు. "ఆవిడొక్కర్తే తిన్నాదేటే? టౌనంతా తిన్నాది. టౌనంతటికీ వొచ్చిందేటి రోగం?" అన్నాడు.

"మరి మనమెందుకు తినం మావా?" అంది జగ్గమ్మ.

దాలయ్య పేనిన తాడు విప్పి మళ్ళీ మొదలెట్టాడు.

ఆ వారంలోనే వ్యవసాయ సహాయకురాలు దుర్గాభవాని పంట నమోదుకి తోటలోకొచ్చింది. ఫోనుతో ఫొటోలు తీసుకుంటున్న ఆ పిల్లని జగ్గమ్మ కొంగు పట్టుకున్నంత పని చేసి నిలబెట్టింది. "నా వంకాయ తింటే కేన్సరొస్తాదేటి? ఉన్నదున్నట్టు సెప్పమ్మా."

దుర్గాభవాని నవ్వబోయి, ముఖం చూసి మానేసింది. గట్టు మీద కూర్చుంది. "ఫలానా మనిషికి ఇందువల్లే వచ్చిందని డాక్టర్లే చెప్పలేరు పిన్నీ. ఏళ్ళ తరబడి ఉప్పులో ఊరినవి ఎక్కువ తింటే కడుపు కేన్సరు ముప్పు పెరుగుతుందంటారు. కూరలు, పళ్ళు బాగా తినేవాళ్ళకి ముప్పు తక్కువంటారు. అందుకని కూర మానడం మాత్రం తప్పు. ఇక మందు సంగతి. కొట్టిన మర్నాడే కోస్తే అది కాయ మీదే ఉంటుంది, తినేవాళ్ళ నోట్లోకే పోతుంది. డబ్బా మీద రాసినన్ని రోజులు ఆగి, కాయ బాగా రుద్ది కడిగితే చాలావరకు పోతుంది. ఎంత తింటే ఏమవుతుందో అంతా తేలలేదు. తేలలేదు కదా అని తినిపించేస్తామా?" లేచి వెళ్ళబోతూ, "అందరికన్నా ముందు దెబ్బ తగిలేది కొట్టే బాబాయికే. ముక్కుకి గుడ్డ కూడా లేదు" అంది.

అవునంటే ఏడ్చి ఊరుకునేది. కాదంటే గుండె దిటవు చేసుకునేది. రెండూ కాని ఆ మాట జగ్గమ్మని నాలుగు రోజులు నమిలింది. బజారులో చిల్లర తప్పిచ్చింది. కాయ గిల్లినావిణ్ణి కసరడం కూడా మరిచిపోయింది.

అయిదో రోజు పొద్దున్నే తూర్పు గట్టు దగ్గరికి వెళ్ళి ఇంటి సాలులో ఉన్నవన్నీ కోసింది. వంకర తిరిగిన ఆనపకాయ ఒకటి, చిల్లుల వంకాయలు ఆరు, జల్లెడలా ఉన్న తోటకూర గుప్పెడు. తట్టలో పెట్టుకుని తిన్నగా బాలసరస్వతిగారింటికి వెళ్ళింది. ఆవిడ దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. అలవాటు కొద్దీ చెయ్యి చాచి ఒక వంకాయ అందుకుని, కిటికీ వెలుగులోకి ఎత్తి తిప్పారు. తొడిమ దగ్గర ఒక చిల్లు, పక్కన ఇంకొకటి. ఆ కాయ పెట్టేసి రెండోది తీశారు. మూడోది తియ్యలేదు.

"ఇరవై రెండేళ్ళలో నువ్వు నాకొక్క పుచ్చు కాయ తేలేదే" అన్నారు. గొంతు హెచ్చలేదు. "ఇవాళ ఏరివేత కాయలు తెచ్చావు. పోయేదానికి ఏదైతే ఏమిటనుకున్నావా?"

గోడవైపు తిరిగిపోయారు. చరిత ముఖం ఎర్రగా చేసుకుని తట్ట ఎత్తి జగ్గమ్మ చేతిలో పెట్టబోయింది.

సూసుకోలేదమ్మా, రేపు మంచివి తెస్తాను అన్న మాట జగ్గమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క మాటతో అంతా సర్దుకునేది. రేపు నున్నటి కాయలు తెస్తే ఆవిడ తినేవారు కూడా, మీ ఇంట్లోవేనా అని అడిగి, అవునంటే నమ్మి మరీ తినేవారు. అది తలుచుకుని జగ్గమ్మ తట్ట అందుకోలేదు. మంచం పక్కన నేల మీద చతికిలబడింది.

"ఏరివేత కాదమ్మా" అంది. "మీరడిగినవే ఇవి. మా ఇంట్లో వొండుకునేవి ఇవేనండి. ఇన్నాళ్ళూ మీకిచ్చిన నున్నటి కాయలున్నాయే, అవి మా కుండలో ఒక్కనాడూ ఉడకలేదు."

మొదలెట్టాక ఆగలేదు. కోత ముందునాడు కొట్టే మందు చెప్పింది, తూర్పు గట్టు చెప్పింది, వెదురు కర్ర, తెల్ల పేలిక అన్నీ చెప్పింది. అందరం ఇలగే సేస్తామండి అని ఒకసారి అనేసి, ఆ మాట తనకే బాగులేక ఊరుకుంది.

"అంటే తెలిసే…" అంది చరిత. బాలసరస్వతిగారు చెయ్యెత్తి ఆ పిల్లని ఆపారు. గోడవైపు నుంచి ఇటు తిరిగారు.

"ఆ మందు వల్లే వచ్చిందంటావా నాకిది?"

"నాకు తెల్దమ్మా. వ్యవసాయం అమ్మాయినడిగినాను. ఆ పిల్లకీ తెల్దు. ఊరగాయలన్నాది, మందూ అన్నాది. కాదని నాను ఒట్టెయ్యలేను." అప్పటిదాకా ఆపుకున్నది ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

బాలసరస్వతిగారు ఆమెని ఓదార్చలేదు. ఏడుపు తగ్గేదాకా చూసి, ఇందాక పెట్టేసిన వంకాయనే మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. "ఈ చిల్లు చూసి ఎన్ని కాయలు పక్కన పారేశానో కదా" అన్నారు. "ఇలాంటివి తెచ్చి ఉంటే కొనేదాన్నంటావా?"

జగ్గమ్మ ముక్కు తుడుచుకుంది. "కొనేవోరు కాదండి."

"కొనను. ఇంకో జగ్గమ్మని వెతుక్కునేదాన్ని." కాయని మరోసారి తిప్పారు. "అయినా నువ్వు చెప్పాల్సిందే. వింటే ఏం చేసేదాన్నో నాకు తెలీదు. కానీ నువ్వు చెప్పాల్సింది."

"అవునమ్మా."

"చరితా, కత్తిపీట తెచ్చి ఇక్కడే తరుగు. నేను చూడాలి."

చరిత తరిగింది. రెండో కాయలోంచి తెల్లటి పురుగు మెలికలు తిరుగుతూ పీట మీదకి దిగింది. చరిత అబ్బా అని వెనక్కి జరిగింది. బాలసరస్వతిగారు మాత్రం దాన్ని వింతగా, కొంచెం ఇష్టంగా కూడా చూశారు. పుచ్చు తీసేసి, గింజలు పోయేలా మెత్తగా ఉడికించి మెదిపి, చిటికెడు ఉప్పేసి, చెంచా నెయ్యితో అన్నంలో కలిపి తెచ్చింది చరిత. నాలుగు చెంచాలు తిన్నారు. అయిదోది కూడా తినండని ఎవరూ అనలేదు, ఆవిడే తిన్నారు. జగ్గమ్మ తనకి తెలియకుండానే తన నోరు కూడా కదుపుతూ చూసింది.

వెళ్ళడానికి లేచి గుమ్మం దాటబోతుంటే వెనక నుంచి పిలిచారు.

"జగ్గమ్మా, నాకు జబ్బు చేసిందని నాకీ సాలు కాయ తెచ్చావు. ఇవాళ బజారులో తక్కినవాళ్ళకి ఏ సాలుది అమ్ముతున్నావు?"

జవాబు కోసం ఆగకుండా ఆవిడ కళ్ళు మూసుకున్నారు.

జగ్గమ్మ ఆరోజు బజారుకి పోలేదు. తిన్నగా తోటకెళ్ళి తూర్పు గట్టు దగ్గర వెదురు కర్ర పట్టుకుని పీకింది. సాయంత్రం మందు కలపడానికి బిందె తెచ్చిన దాలయ్య అది చూసి కేకలేశాడు. "మతి పోయిందేటే? గుర్తు లేకపోతే నానెక్కడ ఆపాలి?"

"ఇక్కడే ఆపు మావా" అంది జగ్గమ్మ, కర్ర తోట నడిమధ్యన పాతుతూ.

దాలయ్య మూడు రోజులు తన అన్నం తనే పెట్టుకు తిన్నాడు. నాలుగోనాడు దుర్గాభవాని వచ్చి డబ్బా మీద రాత చదివి వినిపిస్తే, తెలియనట్టు విన్నాడు. పురుగు పట్టిన మొవ్వలు తుంచి కాల్చెయ్యడం, మగపురుగుల్ని పట్టే ఎర బుట్టలు వేలాడగట్టడం ఆ పిల్లే నేర్పింది. మందు అసలు కొట్టకుండా కుదరలేదు, తోట పోయేదే. కొట్టిన మడికి మాత్రం ఇప్పుడా కర్ర పాతుతారు. పేలిక ఎగురుతున్నన్ని రోజులూ ఆ మడిలో ఎవరూ కాయ ముట్టరు. పేలిక దిగాక కోసిన కాయే ఇంటికీ, బజారుకీ. రోజుకో బొగ్గు గీత కర్ర మీద దాలయ్యే గీస్తాడు. ముక్కుకి తువ్వాలు కూడా కట్టుకుంటున్నాడు, ఊళ్ళోవాళ్ళు నవ్వితే దగ్గు పట్టిందని చెప్పుకుంటూ.

బాలసరస్వతిగారు మందులు ఎక్కించుకోవడం పూర్తయింది. మాగాయ జాడీ చరిత చేతే బయటికి పంపించేశారు. రెండు కిలోలు పెరిగారు. ముందు ముందు ఎలా ఉంటుందో డాక్టర్లు చెప్పడం లేదు, ఆవిడా అడగడం లేదు. పాఠం మాత్రం మళ్ళీ మొదలైంది.

జగ్గమ్మ కుప్ప ఇప్పుడు తొమ్మిదిన్నరకి ఖాళీ అవదు. పదింటికి సగమే పోతుంది. మధ్యాహ్నం దాకా నీళ్ళు చల్లుకుంటూ, "అమ్మా, బాబూ" అని పిలుస్తూ కూర్చుంటుంది. మొదట్లో అలా పిలవడానికి సిగ్గుపడేది. చిల్లులున్నవేటని అడిగేలోపే, "పుచ్చుంటాది, కోసి సూసుకోండి" అని చెప్పేస్తుంది. కొందరు మొహం తిప్పుకుని పక్క కుప్పకి పోతారు. పాతవాళ్ళు పోతున్నప్పుడు ఆమె తల వంచుకుని కాయలు సర్దుకుంటుంది.

మొన్న ఒకావిడ, పక్క కుప్పలో కాయలు కొనుక్కుని సంచీ భుజాన వేసుకున్నావిడ, వెళ్తూ వెళ్తూ జగ్గమ్మ కుప్పలోంచి ఒక కాయ ఎత్తి చిల్లు చూసింది. "ఇలాంటివి తెచ్చి జనానికి అమ్మేస్తావు. మీ ఇంట్లో నువ్వు ఇవే తింటావా?" అంది ఎకసెక్కంగా.

ఇన్నేళ్ళుగా బజారులో కొనేవాళ్ళెవరూ అడగని మాట అది. జగ్గమ్మకి కోపం రాలేదు. మధ్యాహ్నం దాకా కూర్చోవాల్సి రావడంతో తెచ్చుకుంటున్న అన్నం క్యారేజీ వెనక నుంచి ముందుకు లాగి, మూత తీసి, పై గిన్నెలోని వంకాయ కూర ఆవిడకి చూపించింది.